తగ్గిపోతున్న సున్నుండలు

సారెలో మొదట తగ్గినవి సున్నుండలు.

అమ్మ లెక్కపెట్టి పంపింది. నాలుగు స్టీలు డబ్బాలు, ఒక్కో మూత మీద తెల్ల ప్లాస్టరు, దాని మీద బాల్ పెన్నుతో అమ్మ గుండ్రటి అక్షరాలు: సున్నుండలు 101, లడ్డూలు 101, కజ్జికాయలు 51, పూతరేకులు 51. తణుకు నుంచి ఢిల్లీ దాకా రైల్లో వాటిని నా బెర్తు కిందే పెట్టుకున్నాను. "పంచేదాకా మూత తియ్యకు. సారె ముందు పదిమంది నోట్లో పడాలి, తర్వాతే మనం," అని అమ్మ చెప్పింది. ఢిల్లీ పక్కనే మేముండే ఇందిరాపురంలో ఉన్న పదకొండు తెలుగిళ్ళకు నన్ను తిప్పి, బొట్టు పెట్టించి, సారె పంచిపెట్టించే బాధ్యత మా బిల్డింగులోనే ఉండే లలితకుమారి ఆంటీది. ఆంటీకి జ్వరం వచ్చింది. ఈ ఆదివారం అనుకున్నది వచ్చే ఆదివారానికి పోయింది.

నాకేం తొందర లేదు. పెళ్ళయి పదిహేను రోజులు. ఐదో అంతస్తులో రెండు గదుల అద్దె ఫ్లాటు. గీజరు మీద ఎర్ర లైటు వెలిగినా నాకు సంబరమే, ఆరిపోయినా సంబరమే. పొద్దున్నే ఎదుటి టవరు పొగమంచులో మాయమైపోయేది, తొమ్మిదింటికి ఒక్కో బాల్కనీ చొప్పున తిరిగొచ్చేది. చాయ్ కప్పు పట్టుకుని అది చూడ్డం నా ఉద్యోగం అనుకునేదాన్ని. కాలేజీలో మూడేళ్ళు స్టాటిస్టిక్స్ చదివిన పిల్లకి లెక్క చూసుకోకపోతే తోచదు కాబట్టి, ఒక మధ్యాహ్నం డబ్బాలు తీశాను.

సున్నుండలు ఎనభై ఎనిమిది.

మళ్ళీ లెక్కపెట్టాను. ఎనభై ఎనిమిదే. లడ్డూలు తొంభై నాలుగు. కజ్జికాయల జోలికి ఎవరూ పోలేదు.

అమ్మ లెక్క తప్పదు. ఎలుకలు మూత తీసి మళ్ళీ పెట్టవు. ఇంట్లోకి వచ్చేది బబితా దీదీ ఒక్కతే. పొద్దున ఎనిమిదికి వచ్చి గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి, నాతో కాసేపు టీ గ్లాసుతో కూర్చుని వెళుతుంది. సారె డబ్బాలున్నది వంటింటి అటక కింద అరలోనే.

సాయంత్రం ఆయనతో చెప్పాను. ఆయనంటే శివరామకృష్ణ, కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరు. ఎర్రటి మనిషి, నవ్వితే చెవులు కూడా కదులుతాయి.

"ఏవండీ, సున్నుండలు పదమూడు తగ్గాయి."

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. "లెక్కపెట్టావా?"

"రెండుసార్లు. బబితా దీదీని అడగనా?"

"వద్దు వద్దు. తిండి వస్తువు గురించి ఎవరన్నా అడుగుతారా? పోనీ, అత్తయ్యగారే తక్కువ పెట్టారేమో."

"మా అమ్మా?"

ఆయన చెవులు కదలలేదు. పెరుగన్నంలో చక్కెర వేసుకుని కలుపుకున్నారు. పెరుగన్నంలో చక్కెర వేసుకునే మనిషిని అంతకుముందు నేను చూడలేదు. అప్పుడది కూడా ముద్దుగానే అనిపించింది.

మర్నాడు నేనొక ఉపాయం చేశాను. పై వరస లడ్డూలను ముగ్గులా పేర్చాను. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, ఆ చుట్టూ పన్నెండు. ఒక్కటి తీసినా పువ్వు చెడిపోవాలి. ఆ రోజు దీదీ వచ్చి వెళ్ళింది. పువ్వు అలాగే ఉంది. నాకు కొంచెం నిరుత్సాహం కూడా వేసింది. ఆ మర్నాడు పొద్దున దీదీ రాకముందు మూత తీయాలని తోచలేదు, వెళ్ళాక తీశాను. పువ్వుకి మూడు రేకులు లేవు.

పెద్దయ్యాక నేను చేసిన తప్పుల్లో సిగ్గుపడేది ఇదొకటి. మర్నాడు టీ గ్లాసు చేతికిస్తూ, లడ్డూలు తగ్గాయి, చూశారా అని నాకొచ్చిన హిందీలో అడిగేశాను.

"దీదీ, లడ్డూ కమ్ హో గయే. ఆప్‌నే దేఖా?"

దీదీ గ్లాసు కింద పెట్టింది. నడుముకి బిగించిన దుపట్టా విప్పి ఒకసారి దులిపింది. గుడ్డ సంచి తెచ్చి నా ముందు బోర్లించింది. ఫోను, తాళాలు, దువ్వెన, ఒక మాత్రల అట్ట. ఆ అట్ట తీసి నా చేతిలో పెట్టింది.

"ముఝే షుగర్ హై, భాభీ."

ఆరేళ్ళ నుంచి షుగరట. రోజూ నేను ప్రేమగా రెండు చెంచాల చక్కెర వేసి ఇచ్చే టీని ఆవిడ వాష్‌బేసిన్‌లో పారబోయడం నేను చూసి, టీ బాగా లేదు కాబోలు అనుకున్నాను. వద్దని చెబితే మొహమాటం అనుకున్నాను. దీదీ సంచి సర్దుకుని, గిన్నెలు మాత్రం పూర్తిగా తోమి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"దీదీ మానేసింది," అని చెప్పాను ఆయనతో.

"అడిగావా?" అన్నారు. అంతే. ఆ రాత్రి అంట్లు ఆయనే తోమారు. నా వైపు వీపు పెట్టి, ఉన్నవి నాలుగు గిన్నెలైతే నలభై నిమిషాలు తోమారు.

ఇక ఇంట్లో మిగిలింది ఇద్దరం. నేను తినలేదు.

సొంత ఇంట్లో, సొంత భార్య తెచ్చిన సారెని, మనిషి ఎందుకు దొంగతనంగా తింటాడు? అడిగితే నేనే పళ్ళెంలో పెట్టి ఇచ్చేదాన్ని కదా. అసలు సంగతి తీపి కాదు, తీపి వెనక ఇంకేదో ఉందని నాకు అప్పుడే అనుమానం మొదలైంది. అనుమానం వచ్చాక చూడాల్సినవన్నీ కనపడ్డం మొదలయ్యాయి. మంగళవారం, శుక్రవారం ఆయన గంటన్నర ఆలస్యంగా వస్తారు. అడిగితే "ఆఫీసులో పని" అంటారు. ప్రభుత్వాఫీసులో మంగళవారానికీ శుక్రవారానికీ మాత్రమే ఉండే పనేమిటి? జాకెట్టు జేబుల్లో ఆరెంజి బిళ్ళల కాగితాలు. దగ్గరికొస్తే నెయ్యి, పాకం, యాలకుల వాసన. పెళ్ళికి ఆగస్టులో కొలతలిచ్చి కుట్టించిన సూటు డిసెంబరులో బొత్తాం పట్టలేదు. మందుల షాపు ముందున్న బరువు మెషిను మీద ఆయన్ని ఎక్కించాను. ఎనభై రెండు.

"పెళ్ళిచూపులప్పుడెంత?"

"డెబ్భై ఉంటానేమో."

నా ఫోనులో ఆ ఫోటో ఉంది. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళ కింద ఉబ్బు. అప్పుడు మా పిన్ని 'పాపం, వంట చేసిపెట్టేవాళ్ళు లేక' అంది. ఇప్పుడు వంట చేసేది నేనే, కానీ నాకన్నా ముందు ఎవరో పెడుతున్నారు. ఎవరు? వారానికి రెండు రోజులు, గంటన్నర చొప్పున, నెయ్యి వాసన వచ్చే మనిషి ఎవరు?

ఆ ఆదివారం సారె పంచాం. ఇంటికి తొమ్మిదేసి అనుకున్న సున్నుండలు, లడ్డూలు అయిదేసి ఇచ్చాను. లలితకుమారి ఆంటీ ఏమీ అనలేదు. కొత్త కోడలి సారెలో లోటు కనిపిస్తే లిఫ్టు దిగేలోపు పది మాటలనే మనిషి ఆవిడ. పైగా తిరిగొచ్చేటప్పుడు తన ఇంట్లోంచి గాజర్ హల్వా డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"శివాకి పెట్టమ్మా. రోజూ కొంచెం కొంచెం పెట్టు. అయిపోగానే చెప్పు, మళ్ళీ చేస్తా."

"ఆయన లావైపోతున్నారాంటీ."

"అవనీ," అంది ఆంటీ మరీ గబుక్కున. "మగాడు కాస్త పుష్టిగా ఉంటే తప్పేం?"

ఆంటీ భర్త సుందరరామయ్యగారు ఆయన ఆఫీసులో పై అధికారి. మా సంబంధం కుదిర్చింది ఆ అంకులే. మా నాన్నకి మా వైపు నుంచి ఢిల్లీలో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. సుందరరామయ్యగారి మాట మీదే పిల్లనిచ్చారు. ఆ అంకుల్ కూడా మెట్ల మీద ఎదురై, "వాడికి తీపి అందుబాటులో ఉంచమ్మా," అన్నారు, మందుల చీటీ చదువుతున్నట్టు.

బాపట్లలో ఉన్న అత్తయ్యగారికి ఫోను చేశాను. "మీ అబ్బాయి దొంగచాటుగా లడ్డూలు తింటున్నారండీ," అని నవ్వుతూనే చెప్పాను.

ఆవిడ నవ్వలేదు.

"తిననివ్వమ్మా," అంది ఆవిడ. "తీపే కదా. తింటే తిననీ తల్లీ."

మా అత్తయ్యగారికి షుగరు, ఆవిడ అమ్మకి షుగరు. కొడుకుని తీపి తగ్గించమనాల్సిన మనిషి బతిమాలుతోంది. ఫోను పెట్టేసి బాల్కనీలో నిలబడ్డాను. అందరికీ ఏదో తెలుసు, నాకు తప్ప. ఆ పొద్దు పొగమంచు కూడా నాకు బాగా అనిపించలేదు.

నేనూ పట్టుదల మనిషినే. జనవరి మొదటి తారీకు నుంచి డబ్బాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. హల్వా పక్కింటి వాళ్ళకిచ్చేశాను. టీలో చక్కెర బంద్. రాత్రికి జొన్న రొట్టె, సొరకాయ కూర.

"నీ ఇష్టం," అన్నారాయన. ఎదురు చెప్పలేదు. అదీ అనుమానమే అనిపించింది.

వారంలో మనిషి మారిపోయాడు. ఆ చలిలో చొక్కా వీపు తడిసేది. టీవీ రిమోటు దొరకలేదని గోడకేసి చెయ్యి కొట్టుకుని, వెంటనే "సారీ ప్రవల్లీ, సారీ" అని అరిచెయ్యి చూసుకున్నారు. పొద్దున్నే నాలుగింటికి లేచి హాల్లో అటూ ఇటూ నడిచేవారు. నాకు జాలేసేది. జాలి వేసినప్పుడల్లా మంగళవారం, శుక్రవారం గుర్తు తెచ్చుకుని గట్టిపడేదాన్ని.

జనవరి పదో తారీకు శుక్రవారం. పొద్దున ఆయన స్నానంలో ఉండగా జాకెట్టు జేబులు వెతికాను. ఆరెంజి బిళ్ళలు పద్నాలుగు. అన్నీ తీసేసి, వాటి బదులు వేయించిన శనగల పొట్లం పెట్టాను. దాని మీద పెన్నుతో ఒక నవ్వు ముఖం కూడా గీశాను. సాయంత్రం ఐదున్నరకి స్వెట్టరు మీద శాలువా కప్పుకుని ఈ-రిక్షా ఎక్కి వైశాలి మెట్రో స్టేషనుకి వెళ్ళాను. శుక్రవారం పని ఏమిటో ఈరోజు తేలిపోవాలనుకున్నాను. ఏ దారిన వస్తారో, ఎవరితో వస్తారో మెట్ల కింద నిలబడి చూద్దామని. సినిమాలో ఉన్నట్టు కొంచెం ఉత్సాహంగా ఉందని కూడా ఒప్పుకోవాలి.

ఆరింటికే దిగారాయన. ఒక్కరే. శుక్రవారం ఆరింటికి రావడం అదే మొదలు. నన్ను చూడలేదు. ఇంటివైపు రిక్షాలున్న పక్కకి కాక, ఎదర రోడ్డు అంచుకి నడిచి ఆగారు.

రోడ్డుకి అవతల మందు షాపు. ఇనప కటకటాల వెనక సీసాలు, తెల్లటి లైట్లు, ముందు పాతికమంది మగవాళ్ళ వరస. రోడ్డుకి ఇవతల, ఆయనకి నాలుగడుగుల దూరంలో జిలేబీ బండి.

ఆయన షాపుకేసి చూస్తున్నారు. ఏ ఆడమనిషినైనా ఆ చూపు చూస్తుండగా పట్టుకుంటానేమోనని నెల రోజులుగా భయపడ్డాను. అదే చూపు. చెయ్యి జాకెట్టు జేబులోకి పోయింది. శనగల పొట్లం బయటికి వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. నేను గీసిన ముఖాన్ని కూడా చూసే ఉంటారు. ఇంకో జేబు తడుముకున్నారు. ప్యాంటు జేబులు తడుముకున్నారు. అప్పుడు పర్సు తీశారు.

పర్సు తీసి అలాగే నిలబడ్డారు. రోడ్డు దాటలేదు, వెనక్కి తిరగలేదు. ఒక బస్సు అడ్డమొచ్చి వెళ్ళింది. ఇంకా అక్కడే ఉన్నారు.

నేను జిలేబీ బండి దగ్గరికి నడిచాను. "భయ్యా, పావు కిలో."

నా గొంతు విని ఆయన తల తిప్పారు.

"ఎప్పుడొచ్చావ్?"

"ఇప్పుడే," అన్నాను. ఆకు దొన్నె చేతిలో పెట్టాను. "వేడిగా ఉన్నాయి, తినండి."

మెట్రో మెట్ల పక్కన గట్టు మీద కూర్చున్నాం. ఆయన నాలుగు జిలేబీలు వరసగా తిన్నారు. పాకం ముంజేతి దాకా కారింది. నేను దొన్నె పట్టుకున్నాను.

"నూట తొంభై నాలుగు రోజులు," అన్నారు.

"ఏమిటి?"

గడ్డంతో రోడ్డు అవతలికి చూపించారు. "జూలై ఒకటి నుంచి."

లెక్కలు నాకు త్వరగా వస్తాయి. పెళ్ళిచూపులు జూలై పంతొమ్మిదిన. ఆ హాల్లో నాన్న ఆయనకి కాఫీ అందిస్తూ, "అలవాట్లేమైనా ఉన్నాయా బాబూ?" అని అడిగారు. ఆయన "లేవండి" అన్నారు. ఆ జవాబు నచ్చే మా పిన్ని పక్కగదిలో నన్ను గిల్లింది.

"పంతొమ్మిదో రోజన్నమాట," అన్నాను.

ఆయన తలూపారు. "అబద్ధం చెప్పలేదు ప్రవల్లీ."

"నిజమూ చెప్పలేదు."

జిలేబీ బండివాడు మూకుట్లో కొత్త చుట్లు వేస్తున్నాడు. నాకు కోపంగా ఉంది, ఒక జిలేబీ తిన్నాను, చాలా బావుంది, దాంతో ఇంకా కోపమొచ్చింది.

మిగతాది దారిలో ఈ-రిక్షాలో చెప్పారు. సుందరరామయ్యగారే లక్ష్మీనగర్‌లో ఒక స్కూలు గదికి తీసుకెళ్ళారట. మంగళ, శుక్రవారాల్లో మందు మానేసినవాళ్ళు అక్కడ కలుస్తారు. మొదటి రోజే ఒక సర్దార్జీ చెప్పాడట, ఒళ్ళు అడిగినప్పుడు తీపి పెట్టు, జేబులో బిళ్ళ లేకుండా రోడ్డెక్కకు అని. ఈ వారం మనసు బాగాలేక ఈరోజు అక్కడికి కూడా వెళ్ళలేదట.

"లడ్డూలు తిన్నానని చెప్పడానికేమైంది మీకు? బబితా దీదీ పని పోయింది!"

"చెబితే ఎందుకని అడుగుతావుగా."

నేను శాలువా ముఖానికి కప్పుకున్నాను. ఏడ్చానని ఆయన అనుకున్నారు. నేను లెక్కపెడుతున్నాను. పదో తారీకుకి ఎన్ని రోజుల నుంచి నేను తీపి ఆపానో.

మర్నాడు ఇద్దరం దీదీ ఇంటికి వెళ్ళాం. మకన్‌పూర్ సందులో మూడో అంతస్తు గది. ఆయన గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని, "దీదీ, మైనే ఖాయా," అన్నారు. ఎందుకు తిన్నారో కూడా చెప్పారు, నాకు చెప్పినదానికన్నా సూటిగా. దీదీ ఆయన్ని పై నుంచి కింద దాకా చూసింది.

"నేను వచ్చిన మొదటి వారమే నాకు తెలుసు," అంది హిందీలో. "డబ్బా మూత మీద మగాడి వేళ్ళ నెయ్యి ఉంటుంది. మా ఆయన పదేళ్ళు తాగాడు. మానితే ఇలాగే బెల్లం డబ్బా ఖాళీ చేసేవాడు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు దీదీ?"

"మీరు అడిగింది ఆయన గురించి కాదు కదా, భాభీ. నా గురించి."

సోమవారం నుంచి వచ్చింది. నా టీ ఆవిడకి ఫీకీ, చక్కెర లేకుండా. ఇప్పటికీ నేను గ్లాసు ఇచ్చేటప్పుడు ఆవిడ ఒకసారి రుచి చూసి తాగుతుంది. చూడనీ.

లలితకుమారి ఆంటీని మాత్రం లిఫ్టు దగ్గర నిలదీశాను. "మాకు ముందే ఎందుకు చెప్పలేదాంటీ?"

"చెబితే మీ నాన్న పిల్లనిచ్చేవారా?"

"ఇచ్చేవారు కాదు."

"మరి?" అంది ఆంటీ, అక్కడితో లెక్క తేలిపోయినట్టు. నేను రెండు వారాలు ఆవిడతో మాట్లాడలేదు. హల్వా డబ్బా వచ్చినప్పుడు మాత్రం తీసుకున్నాను.

జనవరి ఆఖర్లో నాన్న వీడియో కాల్ చేశారు. మా ఆయన నా వెనక నుంచి నడిచి వెళుతుంటే చూసి, "అల్లుడుగారేంటే, బాగా ఒళ్ళు చేశారు?" అన్నారు.

నేను వంటింట్లోకి నడిచాను. చెప్పాలంటే అదే సమయం. నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని, నా జవాబు కోసం తెరకి దగ్గరగా వచ్చారు.

"మీరు పంపిన సారెంతా ఆయనే తినేశారు నాన్నా," అన్నాను.

నాన్న పకపకా నవ్వి అమ్మని పిలిచి చెప్పారు. నేను చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఫిబ్రవరిలో ఎండ తిరిగి వచ్చింది. ఎదుటి టవరు ఇప్పుడు పొద్దున ఏడింటికే కనపడుతోంది. ఒక మంగళవారం ఆయన మీటింగు నుంచి ఆలస్యంగా వచ్చారు. భోజనమయ్యాక పళ్ళెంలో సున్నుండ పెడితే, "వద్దులే ప్రవల్లీ, కడుపు నిండుగా ఉంది," అన్నారు. పళ్ళెం పక్కకి జరిపారు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన తీపి వద్దనడం నేను వినలేదు.

నేను సంతోషించాలి. సూటు బొత్తాం మళ్ళీ పడుతుందని ఎగరాలి. కానీ నెయ్యి వాసన కోసం ఆయన చొక్కా దగ్గర ముఖం పెట్టాను. యాలకుల వాసన లేదు. పాకం వాసన లేదు. సబ్బు వాసన.

"ఏమిటీ?" అన్నారు.

"ఏం లేదు."

ఆయన నా ముఖం చూశారు. వంగి, నోరు తెరిచి, నా మీద ఒక్కసారి "హా" అన్నారు, చిన్నప్పుడు అద్దం మీద ఊదినట్టు. చారు వాసన. ఇంగువ. అంతే. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను పళ్ళెంలోని సున్నుండ తీసుకెళ్ళి డబ్బాలో పెట్టేశాను. ముగ్గు వేశాను. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. సారెలో మిగిలినవి ఆ ఏడే.

పొద్దున ఆయన లేవకముందే వంటింట్లోకి వెళ్ళాను. దీదీ ఇంకా రాలేదు. మూత మీద చేతులు పెట్టి ఒక నిమిషం ఊరికే నిలబడ్డాను. తర్వాత తీశాను.

పువ్వుకి ఒక రేకు లేదు.

స్టౌ గట్టుకి ఆనుకుని కూర్చుండిపోయాను. రాత్రి ఒళ్ళు అడిగితే ఆయన వచ్చింది ఈ డబ్బా దగ్గరికే. కొంతసేపయ్యాక ఫోను తీసి అమ్మకి కలిపాను.

"ఇంత పొద్దున్నేంటే?" అంది అమ్మ నిద్రగొంతుతో.

"మినప్పప్పు ఉందా అమ్మా ఇంట్లో? ఇంకో డబ్బా పంపించు. ఈసారి లెక్కపెట్టకు."